జకాత్‌తో పేదరికం తగ్గుతుందా? తరచుగా అడిగే ప్రశ్నలు

రంజాన్ దగ్గర పడుతోందంటే జకాత్ గురించి, అంటే కలిగిన ముస్లింలు ఏటా తమ సంపదలో తప్పక ఇవ్వవలసిన వాటా గురించి, ప్రశ్నలు మొదలవుతాయి. ఎంత ఇవ్వాలని కొందరు, ఎవరికి ఇవ్వాలని ఇంకొందరు అడుగుతారు. ఇచ్చాక ఏం మారిందని అడిగేవాళ్ళు మాత్రం అరుదు. మొదటి రెండింటికీ ఇక్కడ జవాబులున్నాయి కానీ, ఈ పేజీ రాయడానికి అసలు కారణం మూడోదే. మన తెలుగు రాష్ట్రాల్లో ఎక్కువమంది ముస్లింలు నాలుగు సున్నీ ధర్మశాస్త్ర సంప్రదాయాల్లో ఒకటైన హనఫీని పాటిస్తారు కనుక లెక్కలు దాని ప్రకారమే చెప్పాం. తేడాలున్న చోట ఆ సంగతీ రాశాం.

జకాత్ అంటే దానమేనా?

దానం కంటే బాకీ అనుకుంటే విషయం సులువుగా అర్థమవుతుంది. షహాదా (విశ్వాస ప్రకటన), నమాజు, జకాత్, రోజా (ఉపవాసం), హజ్ అనే ఐదు ఇస్లాం మూలస్తంభాల్లో ఇదొకటి. సంపన్నుల సొమ్ములో అడిగేవారికీ లేమిలో ఉన్నవారికీ నిర్ణీతమైన హక్కు ఉందని ఖురాన్ 70వ సూరా (అధ్యాయం) చెబుతుంది. హక్కు అన్నాక ఇచ్చేవాడి దయాదాక్షిణ్యాలతో పని లేదు. 632లో ప్రవక్త ముహమ్మద్ (స) మరణించాక కొన్ని అరబ్బు తెగలు నమాజు చేస్తాం కానీ జకాత్ ఇవ్వమని మొండికేశాయి. మొదటి ఖలీఫా అబూబకర్ వాళ్ళ మీద యుద్ధానికే దిగారు. ఇష్టమైతే ఇచ్చే దానం గురించి ఎవరూ యుద్ధం చేయరు కదా.

మనసుకు తోచినప్పుడు తోచినంత ఇచ్చేది సదఖా. ఈద్ నమాజుకు ముందు ఇంట్లో ప్రతి మనిషి తరఫునా ఇచ్చేది ఫిత్రా. ఆస్తిని అమ్మకుండా దాని ఆదాయాన్ని శాశ్వతంగా ఒక మంచి పనికి కేటాయిస్తే వక్ఫ్. ఈ మూడింటినీ జకాత్‌తో కలిపేయకండి.

ఎవరు ఇవ్వాలి? ఎంత?

అవసరాలు పోగా నిసాబ్ అనే కనీస హద్దుకు మించి సంపద ఉన్నవారు, అది చేతికి వచ్చి చాంద్రమాన సంవత్సరం నిండితే అందులో 2.5 శాతం ఇవ్వాలి. నలభైలో ఒక వంతు అన్నమాట. నిసాబ్ బంగారంలో ఏడున్నర తులాలు, అంటే 87.48 గ్రాములు. వెండిలో యాభై రెండున్నర తులాలు, అంటే 612.36 గ్రాములు. అరబ్బు దేశాల లెక్కల్లో 85 గ్రాములు, 595 గ్రాములు అని కనిపిస్తే కంగారు పడకండి. అది పాత తూనికలను గ్రాముల్లోకి మార్చడంలో వచ్చిన తేడా.

ఉండే ఇల్లు, తిరిగే స్కూటరు, వంటసామాను, కుట్టుమిషన్, దుకాణంలోని బీరువాలు లెక్కలోకి రావు. నగదు, బ్యాంకు నిల్వ, బంగారం, వెండి, అమ్మకానికి పెట్టిన సరుకు, రావలసిన బాకీలు వస్తాయి. అమ్మి లాభం తీసుకుందామని కొన్న ప్లాటు కూడా వస్తుంది. ఇది చాలామందికి నచ్చని సంగతి.

బంగారం లెక్క వేరు, వెండి లెక్క వేరు. ఏది పట్టుకోవాలి?

ప్రవక్త కాలంలో ఇరవై దీనార్ల బంగారం, రెండు వందల దిర్హముల వెండి దాదాపు ఒకే విలువ చేసేవి. అందుకే రెండు హద్దులున్నా అప్పట్లో పేచీ రాలేదు. తర్వాతి శతాబ్దాల్లో వెండి వెనకబడిపోయింది. సులువుగా చూడాలంటే కిలో వెండి లక్ష రూపాయలు, పది గ్రాముల బంగారం లక్ష రూపాయలు అనుకోండి (ఇవి లెక్క కోసం అనుకున్న ధరలు, మార్కెట్ ధర ఆ రోజు చూసుకోవాలి). వెండి ప్రకారం హద్దు 61,236 రూపాయలు. బంగారం ప్రకారం 8,74,800 రూపాయలు. ఒక లెక్కలో ధనవంతుడైన మనిషి ఇంకో లెక్కలో జకాత్ తీసుకోవడానికి అర్హుడు!

కేవలం బంగారమే ఉండి, దానితోపాటు నగదు గానీ వెండి గానీ సరుకు గానీ ఏమీ లేకపోతే బంగారం హద్దు. అన్నీ కలిసి ఉంటే మొత్తం విలువకు వెండి హద్దు. మన దగ్గర ఉలమా (మత పండితులు) సాధారణంగా చెప్పేది ఇదే. ఇచ్చేవాళ్ళ సంఖ్య పెరుగుతుంది కనుక పేదలకు మేలని దీని వెనుక ఉన్న ఆలోచన. దీనికి ఇంకో వైపు కూడా ఉంది. కూతురి పెళ్ళి కోసం డెబ్బై వేలు దాచుకున్న ఆటో డ్రైవరు కూడా ఇచ్చేవాళ్ళ వరుసలోకి వచ్చేస్తాడు. అందుకే బంగారం హద్దునే పాటించాలనే పండితులూ ఈ కాలంలో ఉన్నారు. మీ మసీదు ఇమామ్ సాబ్‌ను అడిగి ఒకటి పట్టుకోండి. ఏటా ఏది తక్కువ పడితే దానికి మారడం మాత్రం లెక్క అనిపించుకోదు.

ఒక ఉదాహరణ చూపిస్తారా?

ఒక చిన్న బట్టల దుకాణం యజమాని అనుకుందాం. బ్యాంకులో 1,20,000 ఉంది. దుకాణంలో సరుకు నేటి అమ్మకపు విలువ ప్రకారం 3,00,000. ఖాతాదారుల నుంచి తప్పక వస్తాయనుకున్న బాకీలు 40,000. తన పేరున ఉన్న బంగారం 50 గ్రాములు, పై ధర ప్రకారం 5,00,000. మొత్తం 9,60,000. టోకు వ్యాపారికి ఇవ్వవలసింది 80,000 తీసేస్తే మిగిలేది 8,80,000. అందులో 2.5 శాతం 22,000 రూపాయలు.

ఇంటి రుణం ఉంటే ఇరవై ఏళ్ళ అప్పు మొత్తాన్నీ తీసివేయడం కుదరదు, ఈ ఏడాది కట్టవలసిన కిస్తీల వరకే తీసివేయాలని ఈ కాలపు పండితులు చాలామంది అంటారు. లేకపోతే మూడంతస్తుల ఇల్లు కట్టుకున్నవాళ్ళంతా కాగితం మీద పేదలైపోతారు. ఇంగ్లీషు సంవత్సరం ప్రకారం లెక్క కట్టేవారు 2.5 బదులు దాదాపు 2.577 శాతం తీయాలి. చాంద్రమాన సంవత్సరం పదకొండు రోజులు చిన్నది కాబట్టి.

ఆడవాళ్ళు వేసుకునే నగల మీద కూడానా?

హనఫీ ప్రకారం అవును. పెట్టెలో ఉన్నా మెడలో ఉన్నా బంగారం బంగారమే. షాఫీ, మాలికీ, హంబలీ సంప్రదాయాల్లో మామూలుగా ధరించే నగల మీద జకాత్ లేదు. నగ ఎవరిదైతే వారే ఇవ్వాలి. పుట్టింటివారు పెట్టిన బంగారం భార్యది, భర్తది కాదు. ఆమె ఒప్పుకుంటే భర్త ఆమె తరఫున కట్టవచ్చు. చేతిలో నగదు లేకపోతే కొంత బంగారమే ఇవ్వవచ్చు. “నా చేతిలో పైసా లేదు, నగలే ఉన్నాయి” అన్న మాట విన్నప్పుడల్లా ఆ నగలు నిజంగా ఆమె చేతిలో ఉన్నాయా, అత్తగారి బీరువాలో ఉన్నాయా అన్నది ముందు తేల్చుకోవాలి.

పొలం పంట మీద?

దాన్ని ఉష్ర్ అంటారు. వర్షాధారమైతే పదో వంతు, నీళ్ళు తోడి పెట్టుకునే భూమైతే ఇరవయ్యో వంతు. బోరు వేసి, మోటారు పెట్టి, కరెంటు కోసం రాత్రంతా కాచుకున్న రైతుకు సగం భారం తగ్గించిన పద్ధతి ఇది. మనదేశంలోని భూములకు ఉష్ర్ వర్తిస్తుందా లేదా అన్న విషయంలో హనఫీ ఉలమాల మధ్యే భిన్నాభిప్రాయాలున్నాయి.

ఎవరికి ఇవ్వాలి?

ఖురాన్ 9వ సూరా 60వ వాక్యం ఎనిమిది వర్గాలను చెబుతుంది: పేదలు, నిరుపేదలు, జకాత్ వసూలు చేసే సిబ్బంది, ఎవరి మనసులు ధర్మం వైపు మొగ్గుతున్నాయో వారు, బానిసత్వం నుంచి విడుదల కావలసినవారు, అప్పుల్లో మునిగినవారు, దైవమార్గంలో ఉన్నవారు, దారిలో చిక్కుకున్న బాటసారులు. వసూలు చేసేవారి జీతం కూడా ఆ వాక్యంలోనే ఉందని గమనించండి. అంటే ఒక వ్యవస్థ ఉంటుందని, దానికి ఖర్చవుతుందని మొదటే ఊహించారు.

తల్లిదండ్రులకు, తాత అవ్వలకు, పిల్లలకు, మనవలకు, జీవిత భాగస్వామికి జకాత్ చెల్లదు. వాళ్ళను పోషించడం ఎలాగూ మీ బాధ్యతే. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు, పిన్నమ్మలు, మేనమామలు పేదవారైతే ఇవ్వవచ్చు. నిజానికి వాళ్ళకే ముందు ఇవ్వాలి. ప్రవక్త వంశీకులైన సయ్యద్‌లకు జకాత్ ఇవ్వరు, వేరే సొమ్ముతో ఆదుకోవాలి. మసీదు గోడలకు, రోడ్లకు కూడా కుదరదు. సొమ్ము ఒక పేద మనిషి సొంతం కావాలన్నది హనఫీ షరతు.

ముస్లిమేతర పేదలకు ఇవ్వకూడదా?

నాలుగు సంప్రదాయాల పండితులూ జకాత్‌ను ముస్లిం పేదలకు పరిమితం చేశారు. సదఖాకు అలాంటి హద్దు లేదు. ఫిత్రా కూడా ముస్లిమేతరులకు ఇవ్వవచ్చని హనఫీ సంప్రదాయానికి మూలపురుషుడైన అబూ హనీఫా అభిప్రాయం. రెండో ఖలీఫా ఉమర్ ఒక ముసలి యూదుడు భిక్షమెత్తుతుంటే చూసి, అతనికి ఖజానా నుంచి భృతి ఏర్పాటు చేశారని అబూ హనీఫా శిష్యుడు అబూ యూసుఫ్ నమోదు చేశాడు. పక్కింటి పేదవాడు ఏ మతస్థుడైనా మీ సాయానికి అడ్డేమీ లేదు, మీ పుస్తకంలో ఏ ఖాతా కింద రాసుకుంటారన్నదే తేడా.

అందరికీ తలా వంద ఇస్తే తప్పేమిటి? ఎక్కువమందికి అందుతుంది కదా?

అసలు సమస్య ఇదే. పైన లెక్కగట్టిన 22,000 తీసుకోండి. రంజాన్ చివరి పదిరోజుల్లో గుమ్మం ముందుకు వచ్చినవారికల్లా వంద చొప్పున పంచితే 220 మందికి అందుతుంది. సాయంత్రం ఇఫ్తార్‌కు పండ్లు వస్తాయి, పిల్లవాడికి చెప్పులు వస్తాయి. వచ్చే రంజాన్‌కు అదే 220 మంది అదే గుమ్మం ముందు ఉంటారు. అదే సొమ్ము ఒక్క ఇంటికి ఇస్తే ఒక తోపుడుబండి, దాని మీదకు మొదటి వారం సరుకు వచ్చేస్తాయి. లేదా వడ్డీకి తాకట్టు పెట్టిన ఆటో ఇంటికి వస్తుంది. బకెట్‌తో చల్లిన నీళ్ళు ఎకరం పొలాన్ని తడపవు, ఒక్క మొక్క మొదట్లో పోస్తే అది బతుకుతుంది.

ఇది ఈ కాలపు మేధావులు కనిపెట్టిన మాట కాదు. అబూ దావూద్ సంకలనంలో ఒక హదీసు (ప్రవక్త మాటలు, చేతల కథనం) ఉంది. ఒక అన్సారీ (మదీనావాసి) మనిషి యాచించడానికి వచ్చాడు. ఇంట్లో ఏముందని ప్రవక్త (స) అడిగారు. సగం కప్పుకుని సగం పరుచుకునే ఒక ముతక గుడ్డ, నీళ్ళు తాగే ఒక పాత్ర ఉన్నాయన్నాడు. వాటిని తెప్పించి అక్కడికక్కడే వేలం వేశారు. ఒకరు ఒక దిర్హమన్నారు, “ఇంతకంటే ఎక్కువ ఎవరిస్తారు?” అని రెండు మూడుసార్లు అడిగితే మరొకరు రెండు దిర్హములకు కొన్నారు. ఒక దిర్హముతో ఇంటికి తిండి, ఇంకో దానితో గొడ్డలి కొనుక్కు రమ్మన్నారు. ఆ గొడ్డలికి ప్రవక్తే తన చేతులతో కర్ర బిగించి ఇచ్చి, “కట్టెలు కొట్టి అమ్ముకో, పదిహేను రోజుల దాకా నాకు కనిపించకు” అన్నారు. అతను పది దిర్హములు సంపాదించుకుని తిరిగి వచ్చాడు. ఇందులో జకాత్ సొమ్ము ఒక్క దిర్హమూ లేదు, అతని వస్తువులతోనే పని జరిగింది. కానీ సాయం ఎక్కడిదాకా వెళ్ళాలో ఇంత వివరంగా చూపిన ఘట్టం మరొకటి నాకు తెలియదు. గొడ్డలికి కర్ర బిగించేదాకా.

13వ శతాబ్దపు సిరియా పండితుడు నవవీ షాఫీ సంప్రదాయాన్ని వివరిస్తూ, పనివాడికి పనిముట్ల ధర, వ్యాపారికి ఆ వ్యాపారానికి తగిన పెట్టుబడి ఇవ్వాలన్నాడు. కూరగాయలు అమ్మేవాడికి కొద్ది దిర్హములు చాలు, నగల వర్తకుడికి వేలల్లో కావాలి. హనఫీలో ఇక్కడ ఒక మెలిక ఉంది. ఒకే మనిషికి నిసాబ్ అంత మొత్తం ఒకేసారి ఇవ్వడం మంచిది కాదంటారు. కానీ అతనికి అప్పు ఉన్నా, పోషించవలసిన కుటుంబం ఉన్నా ఆ అభ్యంతరం లేదని కూడా వాళ్ళే చెప్పారు. మనం మాట్లాడుతున్న పేదల్లో అప్పూ లేక, పిల్లలూ లేనివారు ఎందరు? కాబట్టి చిల్లరగా పంచడానికి ఆ నియమాన్ని సాకుగా చూపడం సరికాదు.

అయితే గుమ్మం ముందుకు వచ్చినవారిని పొమ్మనాలా?

అక్కర్లేదు. వాళ్ళకు సదఖా నుంచి ఇవ్వండి, జకాత్‌ను ఒకటి రెండు ఇళ్ళ కోసం ఉంచండి. ఖురాన్ 2వ సూరా 273వ వాక్యం పట్టుబట్టి అడగనివారి గురించి చెబుతుంది, వాళ్ళ అభిమానాన్ని చూసి తెలియనివాడు వాళ్ళను కలిగినవారే అనుకుంటాడని. అలాంటివారు మీ వీధిలోనే ఉంటారు. మూడు నెలల అద్దె బాకీ పడిన ఇల్లు, ఫీజు కట్టలేక పిల్ల బడి మానేసిన ఇల్లు. కిరాణా కొట్టు ఖాతా పుస్తకం చూస్తే చాలావరకు తెలిసిపోతుంది.

జకాత్‌తో ఒకరి అప్పు తీర్చవచ్చా?

తీర్చవచ్చు, తీర్చాలి. ఎనిమిది వర్గాల్లో అప్పులవారు ఒకరన్న సంగతి ఎందుకో మరుగున పడిపోయింది. సూక్ష్మరుణ సంస్థల వారపు కిస్తీలతో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కుటుంబాలు ఎంత నలిగిపోయాయో, 2010 అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్స్ తేవలసి రావడం మనకింకా గుర్తే. అలాంటి ఇంట్లోకి నెలకు వెయ్యి రూపాయలు పంపితే అది నేరుగా వడ్డీలోకి పోతుంది, ఇచ్చింది అప్పిచ్చినవాడికి చేరినట్టే. అసలు ఒకేసారి తీర్చేస్తే ఆ ఇంటి ఆదాయం ఆ ఇంట్లోనే మిగులుతుంది. సొమ్ము అప్పున్న మనిషి చేతికి ఇవ్వండి, లేదా అతని అనుమతితో అప్పిచ్చినవారికి కట్టండి. మీకే బాకీ ఉన్న పేదవాడితో “పో, నీ బాకీ జకాత్ కింద మాఫీ” అనడం మాత్రం హనఫీ ప్రకారం చెల్లదు. రాదనుకున్న బాకీని జకాత్‌గా చూపించుకునే తెలివితేటలు పాతకాలంలోనూ ఉండేవి కాబోలు, దారి ముందే మూశారు.

ఉమర్ బిన్ అబ్దుల్ అజీజ్ కాలంలో జకాత్ తీసుకునేవారే దొరకలేదట, నిజమా?

రంజాన్ ప్రసంగాల్లో తరచూ వినిపించే కథ ఇది. ఆయన 717 నుంచి 720 దాకా ఖలీఫాగా ఉన్నారు. ఉత్తర ఆఫ్రికాలో జకాత్ వసూలు చేసిన అధికారికి పంచడానికి పేదలు కనబడకపోతే, ఆ సొమ్ముతో బానిసలను కొని విడిపించాడని గ్రంథాల్లో ఉంది. అయితే కథ చెప్పేవారు సగమే చెబుతారు. ఆయన తన సొంత ఉమయ్యద్ వంశీకులు ఆక్రమించుకున్న ఆస్తులను వెనక్కి ఇప్పించారు, భార్య నగలను ఖజానాలో జమ చేయించారు, కొత్తగా ఇస్లాం స్వీకరించినవారి మీద వేస్తున్న అన్యాయపు పన్ను ఎత్తివేశారు. జకాత్ పంపకం వీటి పక్కన నడిచింది. పైవాళ్ళ దోపిడీ సాగుతుండగా కింద 2.5 శాతం పంచితే ఆ కథ పుట్టేది కాదు.

ప్రభుత్వమే వసూలు చేస్తే బాగుంటుందా?

పాకిస్తాన్‌లో జియా ఉల్ హక్ 1980లో జకాత్, ఉష్ర్ ఆర్డినెన్స్ తెచ్చారు. రంజాన్ మొదటి తేదీన నిసాబ్ దాటిన పొదుపు ఖాతాల నుంచి బ్యాంకులే 2.5 శాతం కోసుకుంటాయి. షియాలు తమ సంప్రదాయం వేరంటూ ఇస్లామాబాద్‌లో పెద్దఎత్తున నిరసన తెలిపి మినహాయింపు సాధించుకున్నారు. మిగతావాళ్ళలో చాలామంది అంతకంటే సులువైన దారి పట్టారు. రంజాన్ ముందు డబ్బు తీసేసుకుని, తర్వాత మళ్ళీ వేసుకోవడం. ప్రభుత్వం మీద నమ్మకం లేని చోట మతపరమైన విధి కూడా పన్ను ఎగవేతలా మారిపోతుంది.

మలేషియాలో రాష్ట్రాల వారీగా ఇస్లామిక్ మండళ్ళు చూసుకుంటాయి. కట్టిన జకాత్ మొత్తాన్ని వ్యక్తులు కట్టవలసిన ఆదాయపు పన్నులోంచి తగ్గిస్తారు. ఇండోనేషియాలో 2001లో ఏర్పడిన బాజ్నాస్ అనే జాతీయ సంస్థ ఉంది, అయినా చాలామంది ఇప్పటికీ తమ ఊరి మసీదుకో, తెలిసినవారికో ఇస్తారు. భారతదేశంలో ప్రభుత్వ వసూలు అన్న ప్రసక్తే లేదు, అంతా ఇచ్చేవారి చేతిలోనే ఉంది.

మదరసాల నుంచి రసీదు పుస్తకాలతో వస్తారు. ఇవ్వవచ్చా?

అక్కడ ఉండి చదువుకునే పేద పిల్లల తిండికీ బట్టలకూ ఇవ్వవచ్చు. భవనాలకు కాదు. దూర రాష్ట్రాల నుంచి వచ్చే సఫీర్‌లు (మదరసా తరఫున చందాలు వసూలు చేసేవారు) వసూలైన దాంట్లో వాటా తీసుకునే పద్ధతి కొన్ని చోట్ల ఉంది. దాన్ని ఉలమాలే తప్పుపడతారు. వందలో ఎంత పిల్లవాడి పళ్ళెంలోకి వెళుతోందని మొహమాటం లేకుండా అడగండి. మంచి సంస్థలకు ఆ ప్రశ్నతో ఇబ్బంది ఉండదు.

గల్ఫ్‌లో ఉంటాను. ఎలా పంపాలి?

పేదరికం ఎక్కడ చూశారో అక్కడికే పంపండి, సొంత ఊరి బంధువులకు ఇస్తే రెండు పుణ్యాలని హదీసు. భారత పౌరుడు విదేశంలో ఉన్నా, తన సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా ఇక్కడి సంస్థకు పంపేది విదేశీ విరాళం కిందికి రాదు. విదేశీ పౌరసత్వం తీసుకున్నవారు పంపితే వస్తుంది, అప్పుడు ఆ సంస్థకు ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) అనుమతి ఉండాలి.

ఒక కుటుంబం నిలదొక్కుకోవాలంటే ఒక్కరి జకాత్ తరచూ చాలదు. ఒకే ఊరివాళ్ళు నలుగురైదుగురు కలిసి ఏడాదికి రెండు ఇళ్ళు ఎంచుకోవడం మా దృష్టిలో మేలైన పద్ధతి. ఇళ్ళను ఎంచే పని మాత్రం ఊళ్ళో ఉన్నవారికి, అందులోనూ ఒకరిద్దరు ఆడవాళ్ళకు అప్పగించండి. ఏ ఇంట్లో పొయ్యి వెలగలేదో వాళ్ళకు ముందు తెలుస్తుంది.

రంజాన్‌లోనే ఇవ్వాలా?

ఆ నియమమేమీ లేదు. పుణ్యం ఎక్కువని చాలామంది అప్పుడు ఇస్తారు. బడి ఫీజులు జూన్‌లో వస్తాయి, ఆసుపత్రి ఖర్చు ఎప్పుడైనా వస్తుంది. నిసాబ్ ఉన్నవారు ముందుగానే కొంత కొంత ఇచ్చి ఏడాది చివర లెక్క సరిచూసుకోవచ్చు. పని చేయలేని ముసలివారికి, రోగులకు నెలనెలా ఇవ్వడమే సరైనది. వాళ్ళకు తోపుడుబండి ఇచ్చి ఏం లాభం?

ఇది జకాత్ అని చెప్పి ఇవ్వాలా?

చెప్పనక్కర్లేదు. మీ మనసులో ఉద్దేశం ఉంటే చాలు. ఈదీ (పండుగ కానుక) అని ఇచ్చినా, పిల్లల ఫీజుకని ఇచ్చినా చెల్లుతుంది. సంచి చేతికిచ్చి ఫొటో తీయించుకునే పద్ధతి గురించి ఎంత తక్కువ మాట్లాడితే అంత మంచిది.

జకాత్ ఒక్కటే పేదరికాన్ని పోగొడుతుందా?

లేదు. ముస్లింల చదువు, ఉద్యోగాలు, రుణాల పరిస్థితిని దేశం మొత్తం మీద సచార్ కమిటీ 2006లో, తెలంగాణలో సుధీర్ కమిషన్ 2016లో చెప్పాయి. బడి లేని బస్తీకి బడి, పని లేని యువకుడికి ఉద్యోగం ప్రభుత్వం చూపవలసిందే. జకాత్ ఇస్తున్నాం కదా అని పనివాడికి తక్కువ జీతం ఇచ్చే యజమానికి ఇంకో మాట. జీతంలో కోసింది అతని హక్కు, దాన్ని జకాత్‌గా తిప్పి ఇస్తే రెండూ తీరవు.

గత కొన్నేళ్ళుగా ఇవ్వలేదు. ఇప్పుడేం చేయాలి?

ఏళ్ళు గడిచినంత మాత్రాన ఆ బాకీ పోదు. ఒక్కో ఏడాదికి అప్పుడు మీ దగ్గర ఉన్నది గుర్తు చేసుకుని, కాగితం మీద రాసి, విడివిడిగా 2.5 శాతం లెక్క కట్టండి. సరిగ్గా గుర్తు రాకపోతే కొంచెం ఎక్కువ వైపుకే అంచనా వేయండి. ఒకేసారి ఇవ్వలేకపోతే వాయిదాల్లో ఇవ్వవచ్చు. ఎంత ఇచ్చారో, ఇంకెంత మిగిలిందో రాసిన కాగితం ఇంట్లోవాళ్ళకు కనిపించే చోట పెట్టండి. ఈలోగా మీకేమైనా జరిగితే, వీలునామాలో రాసి ఉంటే తప్ప ఆ బాకీ తీర్చే బాధ్యత హనఫీ ప్రకారం వారసుల మీద పడదు.